కంటికి ఆనని అక్షరం

మాది నిర్మల్. ఊరి పేరు చెప్పగానే హాస్టల్లో అందరూ "ఓహో, బొమ్మలా!" అంటారు. బొమ్మల సంగతి తెలిసినవాళ్ళు రాస్తారు. నేను రాసేది ఆ ఊరి పేరుతో నేను వెలగబెట్టిన నిర్వాకం.

పరీక్ష ఫీజు కట్టలేని మా జిల్లా విద్యార్థులకోసం సీనియర్లు చందాలు పోగుచేశారు. దరఖాస్తులన్నీ ఒక ఎక్సెమ్మెల్ ఫైలులో ఉన్నాయి. పేర్లు ఏరే పని నాకు అప్పజెప్పారు. అలాంటి ఫైలులో కావలసిన చోటికి దారి చెప్పి, అక్కడి విలువను పరీక్షించే పద్ధతి ఎక్స్‌పాత్, 1999లో ప్రమాణమయింది. మూలకాల పేర్లు తెలుగులోనూ పెట్టుకోవచ్చు గనుక దర్జాగా ఇలా రాశాను:

//విద్యార్థి[జిల్లా='నిర్మల్']

క్షణంలో జాబితా వచ్చింది. నోటీసు బోర్డుకు అంటించి టీ తాగడానికి పోయాను.

సాయంత్రం జూనియర్ ఒకడు వచ్చాడు. "నా పేరు లేదేందన్నా? రేపే ఆఖరు తారీఖు గదా."

"నువ్వే సరిగ్గా నింపి ఉండవు" అన్నాను. ఆ మాట ఇప్పటికీ గుచ్చుకుంటూనే ఉంది. ఫైలు తెరిచి చూస్తే జిల్లా దగ్గర శుభ్రంగా నిర్మల్ అనే ఉంది!

ముందు ఖాళీలను అనుమానించి, నార్మలైజ్-స్పేస్‌తో అటూ ఇటూ ఉన్నవి కొట్టేశాను. లాభం లేదు. చివరికి స్ట్రింగ్-లెంగ్త్‌తో లెక్కపెట్టించాను. మామూలు నిర్మల్‌కు 7 వచ్చింది (గుడులూ పొల్లులూ కూడా విడివిడిగా లెక్కకొస్తాయి లెండి). వీడి నిర్మల్‌కు 8!

ఆ ఎనిమిదోది జీరో విడ్త్ నాన్ జాయినర్. 'నిర్మల్‌లో' అని టైపు చేసేటప్పుడు రెండో ల వత్తుగా మారిపోకుండా అడ్డుపెట్టే గుర్తు. వాడు మొదట 'నిర్మల్‌లో' అని కొట్టి, తర్వాత 'లో' చెరిపేశాడు. అడ్డు మాత్రం అక్కడే ఉండిపోయింది. మనిషి కంటికి రెండూ ఒకటే; యంత్రాన్ని సమానమా అని అడిగితే కాదంటుంది. నార్మలైజ్-స్పేస్ దాని జోలికి పోదు. ట్రాన్స్‌లేట్ అనే ఫంక్షన్‌తో తీసెయ్యాలి.

తీసేశాక వాడితోపాటు మరో ఇద్దరు బయటపడ్డారు. అప్పుడుగాని నాకు ఇంకో సంగతి తట్టలేదు. మా జిల్లా పుట్టిందే 2016 అక్టోబరు 11న. ఇంట్లో పాత కాగితాలు చూసి ఆదిలాబాద్ అని రాసినవాళ్ళ గతేమిటి? ఖానాపూర్, ముథోల్, భైంసా అంటూ మండలాల పేర్లతో మళ్ళీ వెతికాను. దొరికారు.

రాత్రి పదింటికి పాత జాబితా చింపి కొత్తది అంటించాం. జిగురు డబ్బా పట్టుకొని పక్కనే నిలబడ్డ మా జూనియర్, "ఇగ మీదట 'లో' కొట్టనే కొట్టనన్నా" అన్నాడు.

"కొట్టు తమ్మీ, నేను చూసుకుంటా" అన్నాను.