తప్పెవరిదో తేల్చని సీను

హైదరాబాద్ కృష్ణానగర్‌లో పొద్దున్నే షూటింగ్ పని కోసం ఎదురుచూసే జూనియర్ ఆర్టిస్టులను దాటుకుని సందులోకి తిరిగితే, ఒక పాత భవనం మేడమీద పొడవాటి గది ఉంది. షార్ట్ ఫిల్ములు రాసే కుర్రకారు కోసం అక్కడ జరుగుతున్న స్క్రిప్ట్ శిబిరం చూడటానికి ఒక ఆదివారం వెళ్ళాను. వచ్చినవాళ్ళలో సినిమానే బతుకుతెరువుగా ఉన్నవాళ్ళు లేరు. ఒక ఐటీ ఉద్యోగి, నర్సింగ్ చదువుతున్న అమ్మాయి, ఇంటర్ కాలేజీ లెక్చరర్, వరంగల్ నుంచి రాత్రి బస్సులో వచ్చిన డిగ్రీ కుర్రాడు, మరికొందరు. ఇంట్లోవాళ్ళ మధ్య మానసిక అనారోగ్యంతో బతికే మనిషి కథ ఒక్కటి ప్రతి ఒక్కరూ రాసి తేవాలన్నది షరతు.

శిబిరం నడిపే పెద్దమనిషి టీవీ సీరియళ్ళకు మాటలు రాస్తారు. ఆయనకు తోడుగా ప్రభుత్వాసుపత్రిలో పనిచేసే సైకియాట్రిస్టు, కొడుకు చాలాకాలంగా వైద్యంలో ఉన్న ఒక తల్లి వచ్చారు.

ముందు వరంగల్ కుర్రాడి స్క్రిప్టు చదివారు. కొడుక్కి నిద్ర పట్టదు, కాలేజీ మానేస్తాడు, చెవిలో ఎవరివో మాటలు వినిపిస్తుంటాయి. తండ్రి అరుస్తాడు, కొడతాడు. తల్లి వంటింట్లో ఏడుస్తుంది. చివరి సీన్లో డాక్టరు తండ్రివైపు వేలు చూపించి "అంతా నీవల్లే" అంటాడు. తండ్రి కుప్పకూలిపోతాడు. గదిలో చప్పట్లు మోగాయి.

చప్పట్లు ఆగాక డాక్టరమ్మ ఒకే ప్రశ్న వేశారు. "ఈ నాన్న ఏం పనిచేస్తాడు బాబూ?"

కుర్రాడు కాగితాలు తిరగేశాడు. కొడుక్కి పేరుంది, వయసుంది, ఇష్టమైన పాట కూడా ఉంది. తండ్రికి 'నాన్న' అన్న మాట తప్ప ఏమీ లేదు.

"డాక్టరు నోట మీరు పెట్టిన డైలాగ్ ఒకప్పుడు నిజంగానే డాక్టర్లు అన్నారు" అంటూ ఆమె పాత సంగతి చెప్పారు. తల్లి తీరువల్లే స్కిజోఫ్రీనియా వస్తుందన్న అర్థంలో 1948లో ఫ్రీడా ఫ్రామ్-రైష్మన్ అనే వైద్యురాలు రాసింది. పిల్లల్లో ఆటిజానికి తల్లుల ప్రేమరాహిత్యమే కారణమన్న వాదాన్ని 1967లో బ్రూనో బెటల్‌హైమ్ పుస్తకం ఊరూరా మోసింది. అంతకు మూడేళ్ళ ముందే, ఆటిజం ఉన్న బిడ్డకు తండ్రి అయిన బెర్నార్డ్ రిమ్లాండ్ ఆ వాదాన్ని ఖండిస్తూ పుస్తకం రాసినా తల్లులమీద పడ్డ నింద చాలాకాలం పోలేదు. వంశపారంపర్యం, మెదడు ఎదిగే తీరు, జీవితంలో తగిలే దెబ్బలు అన్నీ కలిస్తే ఇలాంటి జబ్బులు వస్తాయని, ఏ ఒక్కరినీ దోషిగా నిలబెట్టలేమని ఇప్పటి వైద్యం చెబుతోంది.

"అయితే కొట్టే నాన్నని మంచోడిగా రాయాలా మేడం?" అని కుర్రాడు నిలదీశాడు. మంచి ప్రశ్నే. అలా కాదన్నారామె. పసితనంలో తిన్న దెబ్బలు మనసుకు చేసే హాని నిజం, దాన్ని దాచకూడదు. కానీ కథకు విలన్ కావాలి కాబట్టి తండ్రి చేతికి బెల్టు ఇస్తే అది అబద్ధం.

ఇంటి వాతావరణం గురించి ఆమె చెప్పింది ఆ రోజంతటిలో నాకు బాగా పట్టింది. లండన్‌లో జార్జ్ బ్రౌన్ బృందం ఆసుపత్రి నుంచి ఇంటికెళ్ళిన రోగుల బంధువులతో మాట్లాడి, ఆ మాటలు టేపులో రికార్డు చేసి విన్నది. సూటిపోటి మాటలు, ద్వేషం, ఊపిరాడనివ్వనంత అతిజాగ్రత్త ఉన్న ఇళ్ళలో జబ్బు తిరగబెట్టడం ఎక్కువని తేలింది. మాటతోపాటు గొంతులోని విరుపునూ వాళ్ళు లెక్కలోకి తీసుకున్నారు. 1980లలో ఎన్.ఎన్. విగ్ తదితరులు చండీగఢ్‌లో ఇదే పరిశీలిస్తే, లండన్ ఇళ్ళకన్నా అక్కడి ఇళ్ళలో సూటిపోటి మాటలు తక్కువగా కనిపించాయి. కుటుంబం జబ్బును పుట్టించకపోయినా, కోలుకునే దారిని సుగమం చేయగలదు, కష్టతరమూ చేయగలదు.

రచయితగారు వెంటనే దీన్ని అభ్యాసంగా మార్చారు. "మందులేసుకున్నవా?" అన్న ఒక్క డైలాగ్ ఇచ్చి, ఐటీ ఉద్యోగిని మూడు రకాలుగా చదవమన్నారు. మొదటిసారి అది ఆరా. రెండోసారి, నువ్వు మామూలు మనిషివి కావని గుర్తుచేసే పోటు. మూడోసారి భయం. "మీరు అక్షరం మార్చలేదు. ఇల్లు మారిపోయింది. ఆ మాట అనేముందు తండ్రి ఏం చేస్తున్నాడో రాస్తే ఏ గొంతు కావాలో యాక్టరుకి తెలుస్తుంది" అన్నారు. 2006లో వచ్చిన 'బొమ్మరిల్లు' తండ్రిని ఉదాహరణగా చెప్పారు. ఆయన కొడుకు మంచే కోరతాడు. ఆ మంచే కొడుక్కి ఊపిరాడనివ్వదు.

భోజనాల తర్వాత ఆ తల్లి మాట్లాడారు. "మావాణ్ణి అడిగే వచ్చాను. ఏవి చెప్పొద్దన్నాడో అవి చెప్పను" అని మొదలుపెట్టారు. "సినిమాల్లో అమ్మ కూర్చుని ఏడుస్తుంది. నాకు కూర్చునే తీరికెక్కడిది? కుక్కర్ విజిళ్ళు లెక్కపెట్టుకుంటూ ఏడ్చాను. వాడికి బాగున్న రోజులు కూడా ఉంటాయి నాయనా, క్రికెట్ చూస్తాం, పోట్లాడుకుంటాం. అవెవరూ రాయరు. నా తర్వాత వాడెట్లా అన్నదే నా దిగులు."

నర్సింగ్ అమ్మాయి చెయ్యెత్తింది. ఆమె రాసింది సొంత తల్లి డిప్రెషన్ కథ, తల్లికి తెలియకుండా. "అడుగు తల్లీ, వద్దంటే మార్చు" అన్నారావిడ. చికిత్సలో ఉన్నవారి వివరాలు, ఫొటోలు వారి సమ్మతి లేకుండా మీడియాకు ఇవ్వకూడదని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ఆసుపత్రులను కట్టడి చేస్తుంది. ఇంట్లో మనిషి పట్ల మనకూ అంతటి మర్యాద ఉండాలని డాక్టరమ్మ జోడించారు.

ఆసుపత్రి సీన్లలో గొలుసులు, కేకల మధ్య ఇచ్చే కరెంటు షాకులు చాలా స్క్రిప్టుల్లో ఉన్నాయి. గొలుసులతో కట్టడాన్నీ, మత్తు ఇవ్వకుండా ఈసీటీ (కరెంటు షాకు చికిత్స) చేయడాన్నీ అదే చట్టం నిషేధించింది. ఆత్మహత్య ప్రస్తావన ఉన్న కథల కోసం ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో సినిమా, నాటక రచయితలకు ఇచ్చిన సూచనలు చదివారు: చనిపోయే విధానం చూపొద్దు, ఒకే కారణానికి ముడిపెట్టొద్దు, ఆదుకునే మనుషుల్ని చూపించండి. లెక్చరర్ తన చివరి సీనును అక్కడికక్కడే కొట్టేసి, పాత్రతో స్నేహితుడి ఇంటి తలుపు తట్టించారు.

ఆసుపత్రిలో కుటుంబాన్ని ఎలా చూపాలని ఎవరో అడిగితే డాక్టరమ్మ అమృత్‌సర్ సంగతి చెప్పారు. 1950లలో అక్కడి మానసిక వైద్యశాలలో డాక్టర్ విద్యాసాగర్ ఆవరణలో గుడారాలు వేయించి, బంధువులను రోగులతోపాటే ఉండనిచ్చారు. కుటుంబాన్ని బోనులో నిలబెట్టే బదులు వైద్యంలో చేయి కలపమన్న ఆ ఆలోచనలోనే ఒక సినిమాకు సరిపడా కథ ఉంది.

సాయంత్రం వరంగల్ కుర్రాడు తిరగరాసిన సీను చదివాడు. తండ్రి ఇప్పుడు ఆర్టీసీ కండక్టరు. నైట్ డ్యూటీ దిగి వచ్చేసరికి కొడుకు మేలుకునే ఉన్నాడు. ఏమనాలో తెలియక "తిన్నవా?" అంటాడు. జవాబు రాదు. విసుగుతో ఒక మాట జారతాడు, పళ్ళెం పెట్టి పక్కన కూర్చుంటాడు. ఆసుపత్రి సీన్లో డాక్టరు కొడుకుతో మాట్లాడాక తండ్రివైపు తిరిగి, "మీరు నిద్రపోతున్నారా?" అని అడుగుతుంది. తండ్రి తప్పు మాఫీ కాలేదు, మొత్తం భారం అతని నెత్తినా పడలేదు. ఈసారి చప్పట్లకన్నా ముందు, "ఈ డాక్టరు దగ్గరికైతే మా ఆయన కూడా వచ్చేవాడు" అన్నారు ఆ తల్లి.

ఇంత జాగ్రత్త ఎందుకో ఆ మాటలోనే ఉంది. మనదేశంలో మానసిక సమస్యలున్నవారిలో, జబ్బును బట్టి 70 నుంచి 92 శాతం దాకా చికిత్స అందడం లేదని నిమ్హాన్స్ నిర్వహించిన 2015-16 జాతీయ సర్వే చెప్పింది. దీనికి డాక్టర్ల కొరత, డబ్బు, దూరం, వెలివేస్తారన్న భయం వంటి కారణాలెన్నో. డాక్టరు తమనే తప్పుపడతారన్న బెదురు వాటిలో ఒకటైతే, దాన్ని పెంచే సీను మనం రాయకూడదు. ఈ కుర్రాళ్ళ సినిమాలు థియేటర్లకు వెళ్ళవు, ఎవరో ఫోన్లో చూస్తారు. చూసేవాళ్ళలో బిడ్డను ఆసుపత్రికి తీసుకెళ్ళాలా వద్దా అని తేల్చుకోలేని తండ్రి ఒకడుండొచ్చు. అతని కోసమే సినిమా చివర టెలీ-మానస్ నంబరు 14416 వేయాలని అందరూ అనుకున్నారు. తెలుగులోనే మాట్లాడొచ్చు, ఖర్చు లేదు. ఆ నంబరు కనిపించేలోపు, తననెవరూ దోషిగా నిలబెట్టరన్న నమ్మకాన్ని అతనికి ఇవ్వాల్సింది మాత్రం రాసేవాళ్ళే.