రెట్టేరి గట్టున నేను వేసిన కంచె

పెరంబూరు నుంచి కొళత్తూరు దాటితే రెట్టేరి. జంట చెరువులని తమిళంలో ఆ పేరు. మా చెల్లెలి రేకుల ఇల్లు ఆ గట్టు కిందనే. మిల్లు మనిషి అయిన ఆమె పెనిమిటి పోయినాక, నాలుగేళ్ళ కిందట కమ్మలు అమ్మి నాలుగు మేకలు కొనింది. "దొడ్డికి కంచె కావాలన్నా" అనింది. నీళ్ళ అంచున లేత ఊదా పూల మొక్క గుబురుగా కనపడితే, కొమ్మలు నరికి తెచ్చి గుచ్చినాను. కొన్నాళ్ళకే చిగురు వేసినాయి. పైసా ఖర్చు లేని కంచె అని మురిసిపోయినాను.

దాన్ని ఇక్కడ నెయ్‌వేలి కాట్టామణక్కు అంటారు, మన ఊళ్ళలో లొట్టపీసు. అమెరికా ఖండం నుంచి వచ్చింది. తమిళ పేరులో ఆముదం ఉన్నా ఇది ఆముదం జాతి కాదు, మనం వండుకునే తూటికూరకు చుట్టం. రెండింటికీ గరాటు పూలే, బోలు కాడలే, విరిస్తే పాలే. అయితే తూటి నీళ్ళ మీద పాకుతుంది, ఇది మనిషెత్తు నిలబడుతుంది. ఆకు రావి ఆకు మాదిరి కొన సాగి ఉంటుంది.

మామూలుగా మేక దాని జోలికి పోదు. ఆ ఏడు ఎండలకు గడ్డి మాడి, పచ్చగా అదొక్కటే మిగిలింది. ఒకసారి మరిగినాక గడ్డి వేసినా వదల్లేదు. చూస్తుండగానే తల వణుకు, వెనక కాళ్ళ తడబాటు, ఎముకలు తేలినాయి. ఆటోలో వేపేరి పశువుల ఆస్పత్రికి పోతిమి. విరుగుడు లేదు, మొదట్లోనే మాన్పించి ఉంటే తేరుకునేవేమో అనింది డాక్టరమ్మ. మూడు చచ్చినాయి. మిల్లులో పోగు తెగితే చప్పుడుతోనే కనిపెట్టేవాణ్ణి, మొక్కను కనిపెట్టలేకపోయినాను. చెల్లెలు నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది.

కంచె నేనే తీసినాను. కత్తితో నరికితే ఒక కొమ్మ ఉన్నచోట నాలుగు వచ్చినాయి. తర్వాత గడ్డపారతో వేళ్ళతో సహా తవ్వినాను. ముక్కలు చెరువులో వేయొద్దు, తడి మట్టి మీద వదలొద్దు, ఎక్కడ పడితే అక్కడే వేరు తన్నుతాయి. సిమెంటు నేల మీద పరిచి, విరిస్తే పుటుక్కుమనేదాకా ఎండబెట్టాల. దీపావళి వానలకు ముందే, నీళ్ళు తగ్గినప్పుడే ఈ పని చేయాల. ఆ పాలు కంట్లో పడనీయొద్దు.

మొన్న ఆదివారం పోయి చూస్తే గోడ సందులో బొటనవేలంత ముక్క చిగురు వేసి ఉంది. నేను వంగి చూస్తుంటే, చెల్లెలు లోపలికి పోయి గడ్డపార తెచ్చి ఇచ్చింది.