దోషమెవ్వరిది?

లోకమున దోషమును వెదకుట కష్టము. దోషిని వెదకుట సులభము. దోషమును వెదకుటకు కన్నును, ముక్కును, ఓర్పును కావలెను. దోషిని వెదకుటకు మనకంటె తక్కువవాడని మనమనుకొను వాడొకడు దగ్గరనున్న చాలును. ఈ మాటను ఇతరులకు బోధించుటకు వ్రాయుటలేదు. మేము చేసిన యొక యన్యాయమును చెప్పుకొనుటకే వ్రాయుచున్నాము.

మా తండ్రిగారు 1988వ సంవత్సరమున కొనిన అంబాసిడరు బండి మాకు సంక్రమించినది. ఉత్తరపారా కర్మాగారమున ఆ బండ్ల తయారీ 2014వ సంవత్సరముతో నిలిచిపోయినది. మాది 1489 ఘనసెంటీమీటర్ల పెట్రోలు ఇంజనును, చేతితో లాగవలసిన చోకును గల పాతకాలపు బండి. దానిని పదునెనిమిదేండ్లుగా ఒక్క డ్రైవరే నడపుచున్నాడు.

గడచిన వేసవిలో బండికి రెండు రోగములు పుట్టినవి. ఒకటి, పెట్రోలు వాసన. ట్యాంకు త్వరగా ఖాళీ యగుచుండెను. నేలపై మాత్రము చుక్కయైనను కనబడదు. రెండవది, సెల్ఫు కొట్టినప్పుడు ఇంజను మూలుగుచు తిరుగును, దీపములు మసకబారును. కొత్త బ్యాటరీ వేయించితిమి. వారము తిరుగకమునుపే మరల పాత పాటయే.

మా తల్లిగారు దిష్టి యని నిశ్చయించి నిమ్మకాయను, మిరపకాయలను ముందు కట్టించిరి. బంధువొకరు మమ్ము చాటునకు పిలిచి, "కారుచున్న జాడ లేదు, పెట్రోలు మాయమగుచున్నది. కొత్త బ్యాటరీ యమ్ముకొని పాతది పెట్టలేదని నమ్మకమేమి? డ్రైవరును కనిపెట్టియుండుడు" అనిరి. నిమ్మకాయను చూచి మేము నవ్వితిమి. ఈ మాట విని నవ్వలేదు. చదువరులారా, ఇప్పుడు తలపోయగా ఆ రెండును ఒక్క జాతి మూఢవిశ్వాసములే. ఒకటి కంటికి కానరాని దిష్టిపై నేరము మోపినది; రెండవది కంటికెదురుగ నున్న పేదవానిపై మోపినది. రెంటికిని పరీక్ష లేదు. మొదటిదానివలన నిమ్మకాయ మాత్రమే యెండిపోయినది.

నాటినుండి సాయంకాలము కాగానే తాళపుచెవి తీసికొనసాగితిమి. మీటరులోని అంకెలను పుస్తకమున వ్రాయసాగితిమి. అతడేమియు ననలేదు. ఒకనాడు మాత్రము, "బాబుగారూ, సెల్ఫు కొట్టేటప్పుడు చోకు బొత్తాము చేతికి వేడిగా తగులుతోందండీ" అనెను. తప్పు కప్పిపుచ్చుకొనుటకు చెప్పెడి మాట యని మేము చెవిని బెట్టలేదు.

పాలిటెక్నిక్‌లో చదువుచున్న మా అమ్మాయి ఆ మాట వినినది. "నాన్నగారూ, వాసన వచ్చుచున్నదని చెప్పిన చాలదు. ఎప్పుడు వచ్చుచున్నదో వ్రాసికొందము" అనెను. రాత్రియంతయు నిలిచిన బండియొద్ద ఉదయముననే వాసన యున్న, ట్యాంకునో, దానినుండి వచ్చు గొట్టములనో అనుమానింపవలెను. ట్యాంకు నిండుగ నింపినప్పుడే యున్న, నింపెడి నోటిగొట్టమును చూడవలెను. పొగతో కలిసి వెనుకనుండి వచ్చినచో, కార్బురేటరు పెట్రోలు నెక్కువగా నిచ్చుచున్నదని తెలియవలెను. మూడు దినములు కనిపెట్టగా, ఉదయము వాసన లేదు. ఇంజను తిరుగగానే బానెట్టు సందులనుండి వచ్చుచున్నది.

ఈ బండిలో పెట్రోలు పంపు ఇంజను తిరిగినప్పుడే పనిచేయును. కావున దోషము పంపునకును కార్బురేటరునకును నడుమ నుండవలెను. బండిని ఆరుబయటికి నెట్టించి, నిప్పు దరిచేరనీయక, టార్చిలైటుతో చూచితిమి. రబ్బరు గొట్టము బిగింపునొద్ద వెండ్రుకవంటి బీట. ఇంజను తిరిగినంతసేపును పెట్రోలు చెమర్చి, వేడి యినుముపై బడి, నేలను చేరకమునుపే ఆవిరియై పోవుచున్నది. మేము పుస్తకము పెట్టి పట్టదలచిన దొంగ యిదియే! ఇది నిర్మాతల తప్పు కాదు, కాలధర్మము. అదిగాక, మనదేశపు పెట్రోలులో ఇథనాలు పాలు 2022 నాటికి నూటికి 10కిని, 2025 నాటికి 20కిని పెరిగినది. దానికి తగినట్లు చేయబడని పాత రబ్బరు ఉబ్బును, బీటలువారును. తగిన కొత్త గొట్టము వేయించి, వాసన పూర్తిగా పోయిన పిదపనే సెల్ఫు సంగతి చూచితిమి.

మా అమ్మాయి వోల్టుమీటరు తెచ్చినది. కదలక యున్న బ్యాటరీ 12.6 వోల్టులు చూపినది. అనగా అది నిర్దోషి. పిమ్మట ఒక తీగను ఇంజను లోహమునకును, రెండవదానిని బ్యాటరీ ఎర్తు కొమ్ముకును ఆనించి సెల్ఫు కొట్టించినది. అక్కడ అర వోల్టు దాటరాదు; రెండు వోల్టులు చూపినది. ఇంజను రబ్బరు దిమ్మెలపై కూర్చుండును గనుక, దానికిని బండి శరీరమునకును నడుమ విద్యుత్తు నడచుటకు మందమైన ఎర్తు తీగ యొకటి యుండవలెను. మా బండిలో అది తుప్పుపట్టి నాలుగు పోగులు మిగిలియున్నది. దారి మూసికొనిపోగా విద్యుత్తు వేఱొక దారి వెదకికొనినది. ఆ దారి చోకు తీగ.

అది వినగానే మా యొడలు జలదరించినది. చోకు తీగ రెండవ కొన కార్బురేటరునొద్దనే యున్నది. బీటవారిన గొట్టమును అక్కడనే యుండెను. పెట్రోలు ఆవిరి గాలిలో నూటికి ఒకటిన్నర పాళ్లు చేరిన చాలును, నిప్పురవ్వకు అంటుకొనును. ఆ తీగ యొకనాడు ఎఱ్ఱబారినను, ఒక్క రవ్వ విసరినను, వెనుకసీటున కూర్చుండు మా తల్లిగారి గతి యేమి? చక్రమునొద్దనుండు అతని గతి యేమి? ఆ యాపదను ముందుగా చేతితో తాకి, నోటితో చెప్పినవాడు అతడే. దొంగ యనుకొనినవాని నోట సాక్ష్యమును మేము వినలేదు.

ఎర్తు తీగ మార్పించినంతనే ఇంజను ఒక్కమారుకే కదలినది. నాటి సాయంకాలము తాళపుచెవి యతనికిచ్చి, ఇంటివారందఱియెదుట, "మేము నిన్ను అనుమానించితిమి; తప్పు మాది" అని చెప్పితిమి. అతడు కొంతసేపు నేలచూపు చూచి, "తెలుసండీ బాబుగారూ. అడిగితే బాగుండేది" అని మాత్ర మనెను. మన్నించితి ననలేదు. అనవలెనని కోరు హక్కును మాకు లేదు.

మీటరు అంకెలు వ్రాసిన పుస్తకము మా బల్లపైననే యున్నది. దాని కడపటి పుటలో ఇప్పుడు మా అమ్మాయి వ్రాత యున్నది: గొట్టము మార్చిన తేదీ, ఎర్తు తీగ మార్చిన తేదీ, మరల చూడవలసిన తేదీ. ముందటి పుటలను చింపివేయుదమా యని తలచితిమి గాని చింపలేదు. మా వ్రాత మాకు కనబడుచుండుటయే మేలు.