టోనీ ఎవరిని వరించేనో!

ఏటా ఏప్రిల్ వచ్చిందంటే చాలు, న్యూయార్క్‌లో ఓ చిత్రమైన జాతకాల సీజన్ మొదలవుతుంది. చూసేది మనుషుల జాతకాలు కాదు... నాటకాలవి! ఏ మ్యూజికల్‌కి నామినేషన్ దక్కుతుంది? ఏ నటి చేతికి బహుమతి వెళుతుంది? ఎవరికి మొండిచెయ్యి మిగులుతుంది? పత్రికల్లో విమర్శకులు జాబితాలు ప్రకటిస్తారు. అభిమానులు టికెట్ల క్యూలో నిలబడే లెక్కలేస్తారు. సంక్రాంతి సినిమాల్లో ఏది గెలుస్తుందో టీకొట్టు దగ్గరే తేల్చేసే మనవాళ్లకి ఈ సరదా కొత్తగా అనిపించదు.

మ్యూజికల్ అంటే మాటా, పాటా, ఆటా కలిసిన నాటకం. పద్యనాటకం చూస్తూ వన్స్‌మోర్ కొట్టినవాళ్లున్న ఇళ్లలో ఇంతకన్నా వివరించక్కర్లేదు. న్యూయార్క్‌లోని మన్‌హాటన్‌లో 41 థియేటర్లున్నాయి. ఒక్కోదాంట్లో 500, అంతకుమించి సీట్లు. ఈ థియేటర్లన్నిటినీ కలిపి బ్రాడ్వే అంటారు. అక్కడ ఆడిన నాటకాలకి 1947 నుంచీ ఇస్తున్న బహుమతే టోనీ. ఆంటొనెట్ పెర్రీ అనే నటి, దర్శకురాలి ముద్దుపేరది. ఉత్తమ మ్యూజికల్ బహుమతి మాత్రం 1949లో మొదలైంది. తొలి విజేత ‘కిస్ మీ, కేట్’.

లెక్క ఎలా వేస్తారు?

సీజన్‌లో అర్హత ఉన్న ప్రదర్శనలన్నీ చూసి నామినేషన్లు తేల్చేది ఒక కమిటీ. విజేతల్ని తేల్చేది మాత్రం 800 మందికి పైగా ఉన్న ఓటర్లు. నిర్మాతలు, థియేటర్ల యజమానులు, నటులు, దర్శకులు, డిజైనర్లు... అందరూ అందులో ఉంటారు. ఒక విభాగంలో ఓటెయ్యాలంటే ఆ విభాగంలో పోటీపడే ప్రదర్శనలన్నీ చూసి ఉండాలన్నది నియమం.

అసలు కిటుకు ఇక్కడే ఉంది. జోస్యంలో ఆరితేరినవాళ్లు ‘ఏ నాటకం బాగుంది?’ అని అడగరు. ‘ఓటేసేది ఎవరు?’ అని అడుగుతారు. ఉదాహరణకి, ఓటర్లలో కొందరు ఇతర నగరాల్లో నాటకశాలలు నడిపేవాళ్లు. బ్రాడ్వేలో గెలిచిన నాటకం రేపు తమ ఊరికి వస్తే హాలు నిండాలన్నది వాళ్ల ఆశ. అందుకే ఊరూరా తిరగగలిగే ప్రదర్శన అంటే వాళ్లకి మోజు. శరత్కాలంలో వచ్చిన నాటకాన్ని జూన్ నాటికి మర్చిపోయే ప్రమాదమూ ఉంది. చాలామంది నిర్మాతలు మార్చి, ఏప్రిల్ నెలల్లోనే కట్టగట్టుకుని వచ్చి పడటానికి అదో కారణం. డ్రామా డెస్క్, ఔటర్ క్రిటిక్స్ సర్కిల్ లాంటి బహుమతులు టోనీకి ముందే తేలిపోతాయి. గాలి ఎటు వీస్తోందో వాటిని బట్టీ అంచనా కడతారు.

ఇన్ని లెక్కలు వేసినా ఒక్కోసారి అంతా తల్లకిందులే!

బొమ్మలు గెలిచిన రాత్రి

2004 సంగతే తీసుకోండి. ఆ ఏడు ‘వికెడ్’కి ఎదురులేదన్నారు. పేరున్న కథ, కళ్లు చెదిరే సెట్టింగులు, కిటకిటలాడే హాలు, 10 నామినేషన్లు. పోటీలో ఉన్న ‘ఎవెన్యూ క్యూ’ చూస్తే చిన్న ప్రదర్శన. చేతిలో బొమ్మలు పట్టుకుని నటులు ఆడించే కథ. కాలేజీ చదువు ముగించి, ఉద్యోగం దొరక్క, అద్దె కట్టడానికి తంటాలుపడే కుర్రాళ్ల గోల. వాళ్ల నిర్మాతలు ఓటర్లని కోరింది ఒకటే... మనసు చెప్పినట్టు వెయ్యండని. ఫలితం? ఉత్తమ మ్యూజికల్, ఉత్తమ రచన, ఉత్తమ సంగీతం... మూడూ బొమ్మలవే! ‘వికెడ్’ నుంచి ఇడీనా మెన్జెల్‌కి ఉత్తమ నటి బహుమతి దక్కింది గానీ, పెద్దది చేజారిపోయింది.

అదే ఏడాది పోటీలో మనవాళ్లూ ఉన్నారు. ఏ.ఆర్.రెహమాన్ సంగీతంతో లండన్‌లో మొదలైన ‘బాంబే డ్రీమ్స్’ 2004 ఏప్రిల్‌లో బ్రాడ్వేకి వచ్చింది. నృత్యం, దుస్తులు, వాద్యగోష్ఠి రచన... ఈ మూడు విభాగాల్లో నామినేషన్లు వచ్చాయి. నృత్యానికి ఆంథోనీ వాన్ లాస్ట్‌తో కలిసి ఫరా ఖాన్ పోటీలో నిలిచింది. ఉత్తమ మ్యూజికల్ జాబితాలో మాత్రం చోటు దొరకలేదు. బహుమతీ రాలేదు. 2005 జనవరి 1న తెర పడిపోయింది.

నామినేషన్ల సంఖ్య చూసి మురిసిపోవడమూ ప్రమాదమే. 1976లో ‘షికాగో’కి 11 నామినేషన్లు వచ్చాయి. గెలిచింది సున్నా! 2011లో ‘ది స్కాట్స్‌బరో బాయ్స్’కి 12 వచ్చాయి. అదీ సున్నానే. చిత్రమేంటంటే రెండిటికీ పాటలు కట్టింది ఒకే జంట... జాన్ కాండర్, ఫ్రెడ్ ఎబ్. 2024లో మ్యూజికల్స్ అన్నిట్లోకీ ఎక్కువగా 13 నామినేషన్లు పొందిన ‘హెల్స్ కిచెన్’ని పక్కకు నెట్టి, 12 ఉన్న ‘ది ఔట్‌సైడర్స్’ పెద్ద బహుమతి ఎగరేసుకుపోయింది.

మరి జోస్యం అచ్చంగా ఫలించిన సందర్భాలు లేవా అంటే, ఉన్నాయి. 2016లో ‘హామిల్టన్’ గెలుస్తుందని చిన్నపిల్లలూ చెప్పేశారు. దాంతో పందెం మరోవైపు మళ్లింది. 2001లో ‘ది ప్రొడ్యూసర్స్’ సాధించిన 12 బహుమతుల రికార్డు చెరిగిపోతుందా? 16 నామినేషన్లతో బరిలోకి దిగిన ‘హామిల్టన్’ 11 దగ్గర ఆగిపోయింది. ఆ ఒక్కటీ రికార్డు నిలబెట్టింది.

సరదా వెనక బతుకులు

చెప్పేవాళ్లకి ఇది కాలక్షేపం. ఆడేవాళ్లకి మాత్రం కాదు. బ్రాడ్వేలో ఓ పెద్ద మ్యూజికల్ కట్టాలంటే కోటిన్నర, రెండు కోట్ల డాలర్లు కావాలి. పెట్టుబడి వెనక్కి తెచ్చుకునేది ఐదింటిలో ఒకటేనన్నది అక్కడివాళ్ల మాట. ఒక్కో ప్రదర్శన మీద నటులు, వాద్యకారులు, దుస్తులు తొడిగేవాళ్లు, దీపాలు చూసేవాళ్లు, టికెట్లు చింపేవాళ్లు ఆధారపడి ఉంటారు. టీవీలో ఆ రాత్రి వేడుక చూసినవాళ్లే మర్నాడు టికెట్లు కొంటారు. గెలిస్తే ఇంకొన్నాళ్లు గడుస్తుంది. ఓడితే?

2025 జూన్ 8న బహుమతులిచ్చారు. ఏడు నామినేషన్లున్న ‘డెడ్ ఔట్‌లా’కి ఒక్కటీ రాలేదు. ‘రియల్ విమెన్ హావ్ కర్వ్స్’దీ అదే కథ. సరిగ్గా మూడు వారాలకి, జూన్ 29న, ఆ రెండిటికీ ఆఖరి ప్రదర్శన అయిపోయింది. పత్రికలో ‘గెలవకపోవచ్చు’ అన్న ఒక్క ముక్క, హాలు వెనక దుస్తులు ఇస్త్రీ చేసే మనిషికి ‘వచ్చే నెల పని ఉండకపోవచ్చు’ అని వినపడుతుంది.

అదే రాత్రి ఇంకో కథ నడిచింది. ‘మేబీ హ్యాపీ ఎండింగ్’ అనే మ్యూజికల్ అది. సియోల్‌లో యజమానులు వదిలేసిన రెండు రోబోలు ప్రేమలో పడతాయి. కొరియాలో పుట్టిన ఈ నాటకం 2024 నవంబరులో బ్రాడ్వేకి వచ్చినప్పుడు హాలు నింపడమే గగనమైంది. పేరున్న సినిమా ఆధారం లేదు, నోటికి తెలిసిన పాటల్లేవు. చూసినవాళ్లు చూడనివాళ్లకి చెప్పారు. వాళ్లు మరొకరికి చెప్పారు. జూన్ వచ్చేసరికి ఉత్తమ మ్యూజికల్‌తో సహా ఆరు టోనీలు వాళ్లింటికొచ్చాయి!

అలాగని టోనీ వస్తే గట్టెక్కినట్టేనా అంటే, అదీ చెప్పలేం. 2022 ఉత్తమ మ్యూజికల్ ‘ఎ స్ట్రేంజ్ లూప్’ 2023 జనవరిలోనే మూతపడింది. 2004లో ఓడిపోయిన ‘వికెడ్’ మాత్రం ఇరవయ్యేళ్లు దాటినా ఆడుతూనే ఉంది. 1976లో ఉత్తచేతులతో వెళ్లిన ‘షికాగో’ని 1996లో మళ్లీ రంగస్థలం ఎక్కిస్తే ఆరు టోనీలు గెలుచుకుని, ఇప్పటికీ ఆగలేదు.

జూన్ రాత్రి ఎవరు గెలుస్తారో లెక్కలు తెలిసినవాళ్లు చాలావరకు చెప్పగలరు. ఇరవయ్యేళ్ల తర్వాత ఏది ఆడుతుందో చెప్పడం వాళ్లవల్లా కాదు. అది తెలియాలంటే ఓటర్ల జాబితా చూసి లాభం లేదు. ఆట ముగిశాక హాల్లోంచి బయటికొచ్చే జనం పక్కవాళ్లతో ఏమంటున్నారో వినాలి.