లంకమల పొదల్లో కలివికోడి

మా రాయవరం పరిసరాల్లో పక్షులకు కొదువ లేదు. దమ్ము చేసిన చేలోకి తెల్లకొంగలు దిగుతాయి. కాలువ గట్టున లకుముకి పిట్ట, కరెంటు తీగ మీద పాలపిట్ట, తాటిమట్టలకు వ్రేలాడే గిజిగాని గూళ్ళు మనకు నిత్యం కనబడేవే. క్రొత్త పంట ఇంటికి వచ్చినప్పుడు వరికంకులను కుచ్చుగా అల్లి, చూరుకు కట్టి పిచ్చుకలకు వదలడం గోదావరి పల్లెల్లో పాత అలవాటు. పంటలో పిట్టకు కూడా ఒక వంతు ఉన్నదని మన పెద్దలు ఒప్పుకున్నారన్నమాట.

అయితే వంతు అడగని పక్షి, ఇంటి చూరుకు రాని పక్షి, పగటివేళ కంటికి కనబడని పక్షి మాటేమిటి? దాని వంతు ఎవరు చూడాలి? కలివికోడిని గూర్చి చదివినప్పటి నుండి ఈ ప్రశ్న మాలో ఉండిపోయింది. అందుకే మొన్న జనవరిలో మేము నలుగురము రాజమండ్రిలో రైలెక్కి కడపకు వెళ్ళాము.

కడప నుండి బద్వేలు వైపు బస్సులో బయలుదేరాము. సిద్ధవటం దగ్గర పెన్నానది, దాని ఒడ్డున పాతకోట. అది దాటిన తరువాత లంకమల కొండలు, వాటి పాదాల దగ్గర ఎర్రమట్టి, గులకరాళ్ళు, అక్కడక్కడ ముళ్ళపొదలు. తుమ్మ, రేగు, కలివి. పచ్చని చేల మధ్య పుట్టి పెరిగిన మా కళ్ళకు అదంతా వట్టి బీడుగానే తోచింది. "ఇక్కడ ఎకరానికి ఏం పండుతుంది?" అని మాలో ఒకరు అననే అన్నారు. డెల్టావాళ్ళము గదా, భూమిని చూడగానే ముందు బస్తాల లెక్కే గుర్తుకొస్తుంది.

కాని ఆ బీడు కోసమే దేశదేశాల పక్షి శాస్త్రజ్ఞులు ఈ ప్రాంతానికి వచ్చారు. ఎందుకో వినండి.

కలివికోడి పొడవు సుమారు 27 సెంటీమీటర్లు. గోధుమరంగు ఒళ్ళు, రొమ్ము మీద రెండు పట్టీలు, కంటిపైన తెల్లని గీత, పెద్ద పెద్ద కళ్ళు. పగలంతా పొదనీడలో కదలకుండా ఉంటుంది. చీకటి పడగానే బయటికి వచ్చి, పొదల మధ్యనున్న ఖాళీనేల మీద పరుగెత్తుతూ పురుగులను ఏరుకు తింటుంది. కలివి పొదల మధ్య తిరుగుతుంది గనుక స్థానికులు దానికి ఆ పేరు పెట్టారు. ఇంగ్లీషువారు జెర్డాన్స్ కోర్సర్ అన్నారు. నెల్లూరు ప్రాంతంలో పనిచేసిన సైనిక వైద్యుడు థామస్ జెర్డాన్ ద్వారా 1848లో ఇది లోకానికి తెలిసింది. తరువాత బ్లాన్‌ఫర్డ్ అనే భూగర్భ శాస్త్రజ్ఞుడు మన గోదావరి లోయలోనే దీనిని చూశాడు. 1900లో అనంతపురం దగ్గర దీనిని చూసి వ్రాసిపెట్టినవారు హోవార్డ్ కాంబెల్. ఆయన లండన్ మిషనరీ సొసైటీ తరపున తెలుగు నేలమీద సేవచేసిన మిషనరీ. పల్లెలు తిరిగిన ఆ దొరగారికి చుట్టూ ఉన్న జీవరాసుల మీద కూడా చూపు ఉండేది.

ఆ తరువాత 86 సంవత్సరాలు ఈ పక్షి ఏ శాస్త్రజ్ఞుని కంటా పడలేదు. మధ్యలో కొందరు వెదికారు, దొరకలేదు. లోకంలో లేకుండా పోయిందనే చాలామంది అనుకున్నారు.

1980లలో బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ మరల వెదకడం మొదలుపెట్టింది. ఆ పని మీద వచ్చినవారు భరత్ భూషణ్. ఆయన నేరుగా అడవిలోకి పోయి కూర్చోలేదు. పక్షి బొమ్మ చేతపట్టుకుని ఊరూరా తిరిగి పశువుల కాపరులను, వేటగాళ్ళను అడిగారు. పెద్ద చదువులు చదివినవారు పోయిందనుకున్న పక్షి అక్షరం రాని మనుషులకు పేరుతో సహా తెలుసు. 1986 జనవరిలో రెడ్డిపల్లె దగ్గర ఒక స్థానిక వేటగాడు రాత్రివేళ లైటు వెలుగులో దానిని ప్రాణాలతో పట్టుకున్నాడు. ఆ పక్షి కొద్దిరోజులకే చనిపోయింది. అయినా కలివికోడి ఇంకా ఉన్నదని లోకానికి రుజువయింది. 1988లో ప్రభుత్వం ఇక్కడ శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యాన్ని ఏర్పాటు చేసింది. విస్తీర్ణం సుమారు 464 చదరపు కిలోమీటర్లు. అదే ఏడు తపాలాశాఖ కలివికోడి బొమ్మతో స్టాంపు కూడా వేసింది.

దొరికిన తరువాత అసలు కష్టం మొదలయింది. పగలు కనబడదు, రాత్రి వెదకడానికి పోతే పారిపోతుంది. అలాంటిదానిని ఎలా లెక్కపెట్టాలి? ఏది తిని, ఎక్కడ తిరుగుతుందో ఎలా తెలుసుకోవాలి? 2000 సంవత్సరం తరువాత పి. జెగనాథన్ అనే యువ శాస్త్రజ్ఞుడు ఈ పనికి పూనుకున్నారు. బొంబాయి సొసైటీ, ఇంగ్లండులోని పక్షి సంరక్షణ సంస్థ, రీడింగ్ విశ్వవిద్యాలయం, మన అటవీశాఖ ఆయనకు తోడుగా నిలిచాయి.

ఆయన పద్ధతి మన రైతులకు సులువుగా అర్థమవుతుంది. పొదల మధ్య అయిదు మీటర్ల పొడవున నేలను చదునుచేసి, మెత్తని మట్టిని పరిచారు. అలాంటి పట్టీలు చాలాచోట్ల వేశారు. తెల్లవారి వచ్చి ఏ పక్షి అడుగులు పడ్డాయో వంగి చూసేవారు. ఉల్లంకి పిట్ట అడుగు వేరు, కౌజు అడుగు వేరు, కలివికోడి అడుగు వేరు. చూసినవన్నీ కొలిచి వ్రాసుకుని, మట్టిని మళ్ళీ చదును చేసేవారు. మరునాడు మళ్ళీ అదే పని. దారిలో ఏదైనా నడిస్తే దానంతట అదే ఫోటో తీసే కెమెరాలు కూడా పెట్టారు. పొద్దుగుంకిన తరువాత కొద్ది నిమిషాలు మాత్రమే వినిపించే రెండక్షరాల వంటి దాని కూతను టేపు చేసి, ఆ టేపు వినిపించి జవాబు వస్తుందేమోనని చెవులు రిక్కించి నిలబడేవారు. ఇలా ఏళ్ళ తరబడి.

ఇంత ఓపికతో తెలిసిన సంగతి ఏమంటే, కలివికోడికి దట్టమైన అడవి పనికిరాదు, బోడినేల కూడా పనికిరాదు. హెక్టారుకు 300 నుండి 700 వరకు పెద్ద పొదలు ఉండి, వాటి మధ్య నేల ఖాళీగా ఉంటేనే అది నిలుస్తుంది. కట్టెలు విపరీతంగా కొట్టినా, మేకలు మితిమీరి మేసినా పొదలు పలచబడతాయి, పక్షి పోతుంది. మేతను, కట్టెలు కొట్టడాన్ని పూర్తిగా మాన్పిస్తే పొదలు కమ్ముకుంటాయి, అప్పుడూ పోతుంది. అంటే ఆ ఊళ్ళ పేదవారి మేకలు ఈ పక్షికి శత్రువులు కావు. అవి ఒక హద్దులో మేస్తే చాలు. నేలను మొత్తంగా దున్ని తోటలు వేయడం, త్రవ్వి పారేయడం మాత్రం దానికి చావే.

త్రవ్వడం అంటే కాలువ మాట చెప్పుకోవాలి. మా ప్రయాణంలో మమ్మల్ని ఎక్కువగా ఆలోచింపజేసింది ఇదే. 2005లో తెలుగుగంగ కాలువ పనుల యంత్రాలు కలివికోడి తిరిగే పొదల్లోకే వచ్చాయి. అక్కడ పరిశోధన చేస్తున్నవారు అది చూసి అధికారులకు తెలియజేశారు. పని ఆగింది. విషయం సుప్రీంకోర్టు నియమించిన కమిటీ వరకు వెళ్ళింది. చివరికి కాలువదారి మార్చాలని తీర్మానమయింది. పక్షి కోసం అదనంగా సుమారు మూడు వేల ఎకరాల భూమిని ప్రభుత్వం సేకరించింది.

అడవిశాఖ అనుమతి లేకుండా అభయారణ్యంలోకి వెళ్ళకూడదు గనుక మేము అంచునే ఆగాము. అక్కడ మేకలు కాస్తున్న ఒక పెద్దాయనతో మాట కలిసింది. మాది గోదావరి పక్క అనగానే నవ్వారు. "మీకేం సామీ, తూము ఎత్తితే నీళ్ళు. మాకు వాన పడితేనే పంట. పిట్ట కోసం కాలువ ఆపినారని అప్పుడు మావాళ్ళు శానామంది తిట్టుకున్న్యారు."

"మరి మీరేమంటారు?" అని అడిగాము.

ఆయన కొంచెంసేపు ఊరుకుని, "కాలువ ఇంకో పక్క తిప్పుకోవచ్చు సామీ. పిట్టను యాడికి తిప్పుతారు?" అన్నారు.

మాకు జవాబు తోచలేదు. నిజానికి కాలువను కాదనే అర్హత మాకు లేదు. ధవళేశ్వరం దగ్గర కాటన్ దొర ఆనకట్ట 1852లో పూర్తికాకపోతే మా రాయవరం పచ్చగా ఉండేది కాదు. కరువు అనే మాట మా తాతముత్తాతల నోటనే ఆగిపోయిందంటే అది ఆ నీటి పుణ్యమే. కాబట్టి కరువుసీమ రైతు నీళ్ళు అడగడం తప్పని మేము ఎలా అనగలము? పక్షి ప్రేమికులు కూడా నీళ్ళు వద్దనలేదు. దారి మార్చమన్నారు. కలివికోడి నిలిచే చోట్లు ఫలానావని అడుగు అడుగూ కొలిచి చూపగలిగారు గనుకనే ఆ మాట నెగ్గింది. మట్టిపట్టీల మీద వంగి గడిపిన తెల్లవారుజాములు వృథా పోలేదు.

ఆ తరువాత మళ్ళీ చాలాకాలం పక్షి జాడ లేదు. పోయిందేమోననే భయం మరల వచ్చింది. 2025 ఆగస్టులో కొందరు పక్షి పరిశీలకులు రాత్రివేళ దాని కూతను విని రికార్డు చేశారు. కళ్ళకు కనబడకపోయినా గొంతు వినిపించింది. ఇప్పటికీ ఇది ప్రపంచంలో అత్యంత ప్రమాదంలో ఉన్న పక్షుల జాబితాలోనే ఉంది. దాని గుడ్డు శాస్త్రజ్ఞుల దగ్గర ఒక్కటే ఉంది. 1917లో కోలారు బంగారుగనుల ప్రాంతంలో సేకరించిన ఆ గుడ్డు స్కాట్లండులోని అబర్డీన్ విశ్వవిద్యాలయపు మ్యూజియంలో ఉన్నదని 2013లో బయటపడింది.

మేము ఆ సాయంకాలం రోడ్డు ప్రక్కన చీకటి పడేవరకు నిలబడ్డాము. కలివికోడి కనబడలేదు, వినబడలేదు. కనబడుతుందని వెళ్ళనూ లేదు. అయితే ప్రొద్దున బీడుగా తోచిన నేల సాయంత్రానికి మా కళ్ళకు బీడుగా లేదు. ఆ ఒక్క ప్రాణి ఇల్లు అది. ఈ కొండల పాదాలు పోతే దానికి వేరే ఊరు లేదు.

ప్రియ పాఠకులారా, మన ఊళ్ళలో కూడా "ఎందుకూ పనికిరాదు" అని మనము వదిలేసిన గట్లు, దిబ్బలు, పోరంబోకు చెరువులు ఉన్నాయి. వాటిని చదును చేయకముందు, పూడ్చకముందు ఒక్క తెల్లవారి వెళ్ళి ఎవరి అడుగులు ఉన్నాయో చూడండి. పిల్లలను కూడా తీసుకువెళ్ళండి. పశువులు కాసే పెద్దవారిని అడిగి పిట్టల పేర్లు వారిచేత వ్రాయించండి. భరత్ భూషణ్ చేసిన మొదటి పని అదే గదా. దానికి డబ్బు అక్కరలేదు, ఇంగ్లీషు అక్కరలేదు.

మన డెల్టా కాలువలు త్రవ్విన రోజుల్లో ఆ దారిలో ఏ పక్షి ఉండేదో అడిగినవారు లేరు, వ్రాసినవారు లేరు. లంకమలలో అడిగినవారు ఉన్నారు. అందుకే అక్కడ కాలువ ప్రక్కకు జరిగింది.