అవే చెక్కలు, వేరే వెలుగు

పెడనలో కలంకారీ అద్దకం ఎప్పుడైనా చూశారా? రంగుకో అచ్చు. ఒకటి కొట్టి, దాని మీద సరిగ్గా కుదిరేలా ఇంకొకటి. వెంట్రుకవాసి జరిగినా పువ్వు పాడవుతుంది. జపాన్‌వాళ్ల చెక్క అచ్చులకీ ఆ గురి కావాలి. కాకపోతే అక్కడ పని తిరగబడుతుంది. అచ్చు కింద ఉంటుంది, తడి కాగితం దాని మీద పరిచి వెనకనుంచి రుద్దుతారు. కాగితం మూల ఆనడానికి చెక్కలో చిన్న గాడి ఉంటుంది. ఎన్ని రంగులు పడినా ఆ గాడే దారి చూపిస్తుంది.

అలాంటి అచ్చులు వేసిన జపాన్ చిత్రకారుడు హిరోషి యోషిదా (1876–1950) గురించి మీకు చెప్పాలని ఎన్నాళ్లుగానో ఉంది. ఆయన నూనె రంగుల్లో, నీటి రంగుల్లో పాశ్చాత్య పద్ధతిలో చెయ్యి తిరిగిన మనిషి. 1899లోనే అమెరికా వెళ్లి బొమ్మలు ప్రదర్శించి వచ్చాడు. చెక్కల దగ్గరికి చేరేసరికి నలభై దాటాయి. 1923లో జపాన్‌లో వచ్చిన భూకంపంలో ఆయన మొదటి అచ్చులు ప్రచురణకర్త దగ్గరే కాలిపోయాయి. అయినా వదల్లేదు. 1925లో సొంతంగా కార్ఖానా పెట్టుకున్నాడు. చెక్కేవాళ్లనీ, అద్దేవాళ్లనీ పక్కన కూర్చోబెట్టుకుని పని చేయించాడు.

1926లో వచ్చిన 'తెరచాప పడవలు' బొమ్మల వరస చూడండి. జపాన్‌లోని సెటో సముద్రం, నీళ్ల మీద పడవ, వెనక ఇంకొన్ని. చెక్కలు అవే, రంగులే మారతాయి. పొద్దున తెరచాప వెనక ఎండ పసుపుగా పొంగుతుంది. మంచులో వెనక పడవలు నీడల్లా కరిగిపోతాయి. రాత్రి అంతా నీలం, పడవలో దీపం వెలుగు నీళ్లలో సాగుతుంది. వెలుగు మారితే వస్తువే మారుతుందని ఫ్రాన్స్‌లో చిత్రకారుడు మోనే గడ్డివాముల బొమ్మల్లో చూపించాడు. కానీ వేళకో కొత్త కాన్వాసు తీసుకున్నాడు. యోషిదా అదే పడవని అవే చెక్కలతో పొద్దుటినుంచి రాత్రిదాకా నడిపించాడు. నన్నడిగితే ఇది ఇంకా కష్టం. గీత కదలదు కాబట్టి భారమంతా రంగే మొయ్యాలి.

1930 చివర్లో ఆయన మన దేశానికీ వచ్చాడు. తాజ్‌మహల్‌ని పొద్దుటి మంచులోనూ, రాత్రి వేళలోనూ అచ్చు వేశాడు. మనం పోస్టుకార్డుల్లో చూసి చూసి అలవాటుపడిన ఆ పాలరాయి రాత్రి బొమ్మలో నీలిరంగులో నానినట్టుంటుంది.

ఎక్కడైనా ఆయన అచ్చు కనబడితే ముందు అంచులు చూడండి. చాలా వాటికి కింద పెన్సిలుతో ఇంగ్లీషులో సంతకం ఉంటుంది. ఎడమ అంచున 'జిజూరి' అనే జపాన్ అక్షరాల ముద్ర ఉందేమో వెతకండి. అది ఉంటే ఆ కాగితం ఆయన చేతిమీదుగా అచ్చయిందన్నమాట.