నాన్నకి చెప్పని ధర

కాలిఫోర్నియా డబ్లిన్‌లో మా ఇంటి హాల్లో ఆరు జీబ్రా ప్లీకోలున్నాయి. నల్ల చారల చిన్న చేపలు. వీటి పుట్టిల్లు బ్రెజిల్‌లో షింగూ నదొక్కటే. అక్కడ 2016లో మొదలైన బెలో మోంటె డ్యామ్‌తో వాటి మనుగడకే ముప్పొచ్చింది. నావి మాత్రం తొట్టిలో పుట్టినవే లెండి.

వీటికి వెచ్చటి నీళ్ళు, బోలెడు ఆక్సిజన్ కావాలి. మొన్న రాత్రి కరెంటు పోతే బ్యాటరీ పంపు పెట్టి తెల్లార్లూ కూర్చున్నాను. గుహలో మగచేప గుడ్లకి కాపలా, బయట నేను. "పిల్లాడికి జ్వరమొచ్చినప్పుడు ఇలా లేచారా?" అంది మా ఆవిడ. లేవలేదు.

పొద్దున్నే కైకలూరు నుంచి నాన్న ఫోను. చెరువులో మళ్ళీ దెయ్యం చేపలు పడి వల చిరిగిందట. అవీ ప్లీకోల కుటుంబమే, ఒకప్పుడు అక్వేరియాల కోసం తెచ్చినవే.

"గట్టు మీద పారబోశాంరా. అన్నట్టు, నీ చేప ఒక్కోటి ఎంత?"

"చవకే నాన్నా" అన్నాను.